1972 అంబాసిడర్ మార్క్ 2: గేర్ సెల్ఫ్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాక రెండు తిప్పలు

సీతమ్మధార మార్క్2 | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడిన 1972 అంబాసిడర్ మార్క్ 2 నా దగ్గరుంది. ఇంజన్ పాత 1489 సీసీ పెట్రోల్‌దే, మార్చలేదు. డైనమో మాత్రం ఎప్పుడో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టించాం, నెగటివ్ ఎర్త్ (బ్యాటరీ మైనస్ బాడీకి కట్టిన వైరింగు).

పాత సెల్ఫ్ ఇంజన్ వేడెక్కితే పలికేది కాదు. పోయిన నెల అమ్మని సింహాచలం తీసుకెళ్తే, దర్శనం అయ్యాక కొండమీద పార్కింగ్‌లో నలుగుర్ని బతిమాలి బండి తోయించాను. డెబ్బై దాటిన మనిషి ఎండలో అలా నిలబడి చూస్తుంటే నాకు చాలా బాధ అనిపించింది. ఇంటికి రాగానే గేర్ రిడక్షన్ సెల్ఫ్ (లోపల పళ్లచక్రాలతో బలంగా తిప్పే స్టార్టర్ మోటారు), డెల్కోలోకి (ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్) పాయింట్ల (కాయిల్ కరెంటు కలిపి ఆపే చిన్న స్విచ్) బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ తెప్పించి, ఒక ఎలక్ట్రీషియన్ చేత బిగించాను.

ఇప్పుడు సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది. కానీ రెండు తిప్పలు.

ఒకటి, ఇంజన్ అందుకున్నాక తాళం వదిలినా సెల్ఫ్ వెంటనే వదలడం లేదు. ఒకటి రెండు సెకన్లు 'ర్‌ర్‌ర్' మని కూస్తూ అప్పుడు ఆగుతుంది. రెండు, సెల్ఫ్ తిరిగినంతసేపూ ఇంజన్ అందుకోదు. విసుగొచ్చి తాళం వదిలిన ఆ క్షణంలో ఒక్కసారిగా అందుకుంటుంది. పది సార్లలో ఏడు సార్లు ఇదే వరస. పార్టులు బాగోలేవా, బిగింపు బాగోలేదా? బిగించినాయన రెండూ పార్టుల తప్పే అంటున్నాడు.

కంచరపాలెం పాత అంబీ | శనివారం రాత్రి 10:15

మొదటిది రింగు (సెల్ఫ్ పట్టుకుని తిప్పే, ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్ల చక్రం) పళ్ల గొడవ కావచ్చు. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆపినప్పుడల్లా ఇంచుమించు అవే రెండు చోట్ల ఆగుతుంది. అందుకే ఫ్లైవీల్ రింగు చుట్టూ ఎదురెదురుగా రెండు చోట్ల పళ్లు ఎక్కువగా అరుగుతాయి. పినియన్ (సెల్ఫ్ కొసన ఉండే చిన్న పళ్లచక్రం) అక్కడ ఇరుక్కుంటోందేమో చూడండి. ఇంకో మాట, పాత బెండిక్స్ సెల్ఫ్‌కి రింగు పళ్ల అంచు ఒక పక్క నుంచి చెక్కి ఉంటుంది, సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే అయస్కాంత స్విచ్) తోసే రకానికి రెండో పక్క నుంచి చెక్కాలి. పళ్ల లెక్క, చెక్కుడు ఏ పక్కనుందో చూసే కొన్నారా?

సీతమ్మధార మార్క్2 | శనివారం రాత్రి 10:32

చూసే కొన్నానండి. ఈ ఇంజన్‌కి, పాత రింగుకి సరిపోయేదే తీసుకున్నాను. తగిలేటప్పుడు కరకరమన్న శబ్దం అస్సలు లేదు, ఎక్కడ ఆగినా శుభ్రంగా పట్టుకుంటోంది. వదిలేటప్పుడే ఆలస్యం.

గాజువాక వైరింగు | ఆదివారం ఉదయం 6:50

రింగు తప్పు కాదు, పార్టుల తప్పూ కాదు అనిపిస్తోంది. నాలుగు విషయాలు చెప్పండి.

బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబుల్ పాత సోలినాయిడ్ మీదుగా సెల్ఫ్‌కి వస్తోందా, నేరుగా వస్తోందా? సెల్ఫ్ మీద లావు బోల్టుకీ, పక్కనున్న చిన్న టెర్మినల్‌కీ మధ్య జానెడు లోపు వైరు ముక్క ఏదైనా కలిపి ఉందా? ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కి హైటెన్షన్ పుట్టించేది) ఎన్ని ఓమ్స్? కాయిల్‌కి ముందు తెల్లటి పింగాణీ రెసిస్టర్ ఏమైనా ఉందా?

కాయిల్ కొలిచేటప్పుడు వైర్లు తీసేసి రెండు చిన్న టెర్మినల్స్ మధ్య కొలవండి. ముందు మీటర్ పుల్లలు రెండూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో చూసి, అంత తీసేయండి.

సీతమ్మధార మార్క్2 | ఆదివారం ఉదయం 9:05

మీరు పక్కనుండి చూసినట్టే అడిగారు. లావు కేబుల్ బానెట్ లోపల గోడకున్న పాత సోలినాయిడ్‌కి వెళ్లి, అక్కడి నుంచి సెల్ఫ్‌కి వస్తోంది. సెల్ఫ్ మీద బోల్టు నుంచి చిన్న టెర్మినల్‌కి ఎర్ర వైరు ముక్క ఉంది. 'పాత వైరింగు కదపక్కర్లేదు, ఇలా కలిపేస్తే చాలు' అన్నాడు.

కాయిల్ 1.5 ఓమ్స్. పింగాణీ రెసిస్టర్ కూడా ఉంది, అదీ 1.5 చూపిస్తోంది. ఎప్పుడో ఎవరో వేరే బండిది తెచ్చి పెట్టినట్టున్నారు. మాడ్యూల్ ఎర్ర వైరు కాయిల్ ప్లస్‌కి, నల్ల వైరు కాయిల్ మైనస్‌కి కట్టి ఉన్నాయి. సెల్ఫ్ తిప్పుతూ కాయిల్ ప్లస్ దగ్గర ఓల్టేజ్ చూస్తే 6కీ 7కీ మధ్య ఊగుతోంది. బ్యాటరీ దగ్గర అదే సమయంలో 10.4 ఉంది.

గాజువాక వైరింగు | ఆదివారం ఉదయం 10:20

అయితే రెండూ వైరింగు తప్పులే, రెండూ బాగు చేసుకోవచ్చు. కాస్త వివరంగా రాస్తాను, ఇక్కడ చాలామందికి ఇదే ఎదురవుతుంది.

ముందు సెల్ఫ్ సంగతి. మీ పాత సెల్ఫ్‌లో పినియన్ బెండిక్స్ మీద జడత్వంతో విసురుకుని రింగుకి తగులుతుంది. దానికి కరెంటు ఇవ్వడం, ఆపడం తప్ప ఇంకేమీ అక్కర్లేదు, ఆ పని గోడ మీది సోలినాయిడ్ చేసేది. కొత్త సెల్ఫ్‌కి సోలినాయిడ్ దాని నెత్తిమీదే ఉంది. అదే ముందు పినియన్‌ని తోస్తుంది, తర్వాత మోటారుకి కరెంటు కలుపుతుంది. అంటే లావు బోల్టుకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉండాలి, చిన్న టెర్మినల్‌కి మాత్రం తాళం తిప్పినప్పుడే రావాలి.

మీ బండిలో ఆ రెండింటినీ కలిపేశారు. తాళం వదిలారు, గోడమీది సోలినాయిడ్ విడిపోయింది, బ్యాటరీ కరెంటు ఆగింది. కానీ మోటారు అప్పటికే జోరు మీద తిరుగుతోంది. అందులో ఉన్నవి పర్మనెంట్ మాగ్నెట్లు, కాబట్టి తిరిగినంతసేపూ అది డైనమోలా కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు వెనక్కి లావు బోల్టుకి వచ్చి, ఎర్ర ముక్కలోంచి చిన్న టెర్మినల్‌కి వెళ్లి, సోలినాయిడ్‌ని పట్టి ఉంచుతుంది. సెల్ఫ్ తన్ను తానే పట్టుకుని కూర్చుందన్నమాట. వేగం తగ్గి ఆ కరెంటు చాలనప్పుడు స్ప్రింగ్ గెలుస్తుంది, పినియన్ వెనక్కి వస్తుంది. మీరు వినే 'ర్‌ర్‌ర్' ఆ రెండు సెకన్లే. అలాగే వదిలేస్తే సెల్ఫ్‌లోని వన్‌వే క్లచ్ అరిగిపోతుంది.

బాగు చేయడం తేలిక. బ్యాటరీ ఎర్త్ తీసేయండి, ఇది మర్చిపోవద్దు. ఎర్ర ముక్క పీకి పారేయండి. సెల్ఫ్‌కి వెళ్లే లావు కేబుల్‌ని గోడమీది సోలినాయిడ్ రెండో బోల్టు నుంచి విప్పి, బ్యాటరీ కేబుల్ ఉన్న బోల్టుకే బిగించండి. ఖాళీ అయిన రెండో బోల్టు నుంచి 4 చదరపు మి.మీ. రాగి వైరు సెల్ఫ్ చిన్న టెర్మినల్‌కి లాగండి. పాత సోలినాయిడ్ ఇక రిలేలా పనిచేస్తుంది. తాళం నుంచి వచ్చే తెలుపు-ఎరుపు వైరు అలాగే ఉండనివ్వండి.

తాళం నుంచి నేరుగా చిన్న టెర్మినల్‌కి ఇవ్వొచ్చు కదా అని కొందరంటారు. వద్దు. కొత్త సోలినాయిడ్ లాగే క్షణంలో 30 ఆంపియర్లకి పైగా తీసుకోవచ్చు. యాభై ఏళ్ల ఇగ్నిషన్ స్విచ్‌లోని ఇత్తడి రేకు దానికి తట్టుకోదు. పాత సోలినాయిడ్ లేనివాళ్లు 40 ఆంపియర్ల రిలే వాడండి: 86కి తాళం వైరు, 85 ఎర్త్, 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో, 87 నుంచి సెల్ఫ్‌కి.

ఒక జాగ్రత్త. ఇకనుంచి సెల్ఫ్ బోల్టులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. దానిమీద రబ్బరు తొడుగు వేయించండి, కేబుల్ ఇంజన్‌కి రాసుకోకుండా క్లిప్పు పెట్టించండి. స్పానర్ బోల్టుకీ బ్లాకుకీ ఒకేసారి తగిలితే అక్కడే అతుక్కుపోతుంది.

ఇగ్నిషన్ సంగతి మధ్యాహ్నం రాస్తాను, ఒక బండి వచ్చింది.

గాజువాక వైరింగు | ఆదివారం మధ్యాహ్నం 2:45

మాడ్యూల్ ఎర్ర వైరుకి బ్యాటరీ ఓల్టేజ్ పూర్తిగా అందాలి. మీది రెసిస్టర్ దాటాక కాయిల్ ప్లస్ మీద ఉంది. రెసిస్టర్ 1.5, కాయిల్ 1.5. మాడ్యూల్ కాయిల్‌కి కరెంటు కలిపిన ప్రతిసారీ ఉన్న ఓల్టేజ్‌లో సగం రెసిస్టర్ దగ్గరే అయిపోతుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు 10.4 ఉందన్నారు, అంటే మాడ్యూల్‌కి దక్కేది 5 చిల్లర. కరెంటు ఆపినప్పుడు మళ్లీ 10 దాకా లేస్తుంది. మీటర్ రెండింటి సగటు చూపిస్తుంది కాబట్టి మీకు 6, 7 కనిపించింది. ఆ 5 ఓల్టుల దగ్గర మాడ్యూల్ మెదడు పనిచేయదు. తాళం వదలగానే సెల్ఫ్ భారం పోయి ఓల్టేజ్ లేస్తుంది, ఇంజన్ ఇంకా ఊపులో ఉంటుంది, ఒక్క స్పార్క్ పడుతుంది, అందుకుంటుంది. మీరు చెప్పిన లక్షణం అక్షరాలా ఇదే.

రెండు దారులు. రెసిస్టర్ ఉంచి, మాడ్యూల్ ఎర్ర వైరుని రెసిస్టర్‌కి ముందు వైపుకి మార్చడం ఒకటి. లేదా రెసిస్టర్ తీసేసి 3 ఓమ్స్ కాయిల్ పెట్టడం. నా ఓటు రెండోదానికే, కారణం కింద పాత అంబీ గారు చెప్తారనుకుంటా. రెసిస్టర్ తీసేసి 1.5 కాయిల్ అలాగే ఉంచే పని మాత్రం చేయకండి. 14 ఓల్టుల దగ్గర 9 ఆంపియర్లు దాటుతుంది, కాయిలో మాడ్యూలో ఒకటి మాడుతుంది. 3 ఓమ్స్ అయితే 4.7 దగ్గర ఆగుతుంది.

తాళం 'స్టార్ట్' దాకా తిప్పినప్పుడు కూడా ఆ వైరులో కరెంటు ఉంటోందా చూడండి. కొన్ని స్విచ్‌లలో రేడియో టెర్మినల్ ఆ స్థానంలో ఆగిపోతుంది. మాడ్యూల్ దానికి కడితే ఎప్పటికీ తిప్పలే.

స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్ | ఆదివారం సాయంత్రం 5:30

గాజువాక ఆయన చెప్పింది సరైనదే. కానీ బాబూ, ఇంకో సంగతి చూడకుండా కాయిల్ కొనకు. మన ఊళ్లో సగం కరెంటు జబ్బులకి మూలం ఎర్త్. సముద్రపు గాలికి రాగి ఎంత త్వరగా పచ్చబారుతుందో బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. బాడీకీ దానికీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒక్కటే దారి. సెల్ఫ్‌కి వెళ్లిన వంద, నూటయాభై ఆంపియర్లూ ఆ పట్టీ గుండానే బ్యాటరీకి తిరిగి రావాలి. పట్టీ పాడైతే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. చోక్ కేబుల్, ఆక్సిలరేటర్ కేబుల్ గుండా పోతుంది. ఐదు సెకన్లు సెల్ఫ్ తిప్పి చోక్ కేబుల్ పట్టుకుని చూడు, వేడిగా తగిలితే నీ ఎర్త్ పోయినట్టే.

కొలిచే పద్ధతి చెప్తాను. ఇంజన్ అందుకోకుండా మాడ్యూల్ ఎర్ర వైరు తీసేయి. కాయిల్ మధ్య వైరు పీకి గాల్లో వదలడం పాత అలవాటు, ఎలక్ట్రానిక్ పెట్టాక ఆ పని చేయకు, దారి దొరకని హైటెన్షన్ కాయిల్ లోపలే చీల్చుకుంటుంది. మీటర్ డీసీ ఓల్టుల్లో పెట్టి, ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్ సీసం దిమ్మ మీద, కేబుల్ చివరి లగ్ మీద కాదు, దిమ్మ మీదే, రెండోది ఇంజన్ బ్లాకు మీద గీకిన ఇనుము మీద పెట్టు. ఎవరినైనా తాళం తిప్పమను. అర ఓల్టు లోపుండాలి. తర్వాత ఇటు బ్యాటరీ పాజిటివ్ దిమ్మకీ సెల్ఫ్ బోల్టుకీ మధ్య కూడా అలాగే చూడు.

భీమిలి బీచ్‌రోడ్ | ఆదివారం రాత్రి 8:10

స్టీల్‌ప్లాంట్ మాస్టారు చెప్పింది నా అనుభవం. 2014 హుద్‌హుద్ అప్పుడు మా బండి ఉప్పునీళ్ల వానలో తడిసింది. పైకి తుప్పేమీ కనిపించలేదు. ఏడాది తర్వాత ఎర్త్ పట్టీ చేత్తో ముట్టుకుంటే పచ్చటి పొడిలా రాలింది, లోపల నాలుగు పోగులు మిగిలాయి. అప్పటికే రెండు బ్యాటరీలు, ఒక సెల్ఫ్ మార్చేశాను, అన్నీ అనవసరంగానే. ఇప్పుడు ఇంజన్‌కీ బాడీకీ ఒకటి, గేర్‌బాక్సుకీ ఛాసిస్‌కీ ఒకటి, రెండు పట్టీలు వేసుకున్నాను. పెయింటు గీకి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూస్తాను. గ్రీజు లోపల పూసి బిగించకూడదు, బిగించాకే పూయాలి.

మైనర్1958 అప్‌ల్యాండ్స్ | ఆదివారం రాత్రి 9:00

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది మోరిస్ మైనర్ 1000, 948 సీసీ. అసలైన పాజిటివ్ ఎర్త్, డైనమో, డాష్‌బోర్డు మీద గుండీ లాగితే తిరిగే సెల్ఫ్. నేను కూడా ఇవే రెండూ పెట్టించుకోవచ్చా?

గాజువాక వైరింగు | ఆదివారం రాత్రి 9:40

ఎర్త్ మార్చకుండా పెట్టొద్దు సార్. పాత సెల్ఫ్‌లో ఫీల్డ్ కాయిల్స్ ఉంటాయి. ప్లస్, మైనస్ తిరగేసినా రెండు అయస్కాంతాలూ ఒకేసారి తిరగబడతాయి కాబట్టి అది ఒకే వైపు తిరుగుతుంది. పర్మనెంట్ మాగ్నెట్ సెల్ఫ్ అలా కాదు, పాజిటివ్ ఎర్త్ బండికి పెడితే ఎదురు తిరుగుతుంది. మాడ్యూల్ అయితే తిరగేసి కరెంటు ఇచ్చిన క్షణంలో చచ్చిపోతుంది. పాజిటివ్ ఎర్త్‌కి వేరే మాడ్యూల్ దొరుకుతుంది, అడిగి తీసుకోవాలి.

ఎర్త్ మార్చాలంటే బ్యాటరీ తిప్పి, కాయిల్ మీద రెండు చిన్న వైర్లు అటుదిటు చేసి, డైనమోని కొత్త పోలారిటీకి అలవాటు చేయాలి. డైనమో మీది రెండు వైర్లూ తీసేసి, బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక వైరు తెచ్చి చిన్న ఎఫ్ టెర్మినల్‌కి రెండు మూడు సార్లు టకటకా తాకించాలి, అంతే. లోపలి ఇనుములో మిగిలే అయస్కాంతం మారిపోతుంది. ఇక మీ గుండీ సెల్ఫ్ కరెంటునే నేరుగా కలిపే లావు స్విచ్. కొత్త సెల్ఫ్‌కి అది అక్కర్లేదు, చిన్న కరెంటు స్విచ్, రిలే చాలు.

మైనర్1958 అప్‌ల్యాండ్స్ | ఆదివారం రాత్రి 10:05

ఆ గుండీ లాగి స్టార్ట్ చేయడమే నాకు ఇష్టం. సెల్ఫ్ జోలికి పోను. ఇగ్నిషన్ ఒక్కటి, పాజిటివ్ ఎర్త్ మాడ్యూల్ కోసం చూస్తాను. చాలా థాంక్స్.

కంచరపాలెం పాత అంబీ | సోమవారం ఉదయం 7:15

మైనర్ గారి నిర్ణయం నాకు నచ్చింది. నా మాట కూడా వినండి. పాయింట్లు చెడ్డవి కావు. పదిహేను థౌ గ్యాప్, అంటే 0.015 అంగుళం, ఫీలర్ గేజ్‌తో సరిగ్గా పెట్టి, క్యామ్ మీద మినప గింజంత గ్రీజు పెడితే వేల కిలోమీటర్లు తిరుగుతాయి. పాడైనా అరకు ఘాటులో రోడ్డు పక్కన ఉప్పుకాగితంతో రుద్దుకుని ఇంటికి వచ్చేయొచ్చు. మాడ్యూల్ పోతే అంతే, టో చేయాల్సిందే.

గాజువాక ఆయన 3 ఓమ్స్ కాయిల్ ఎందుకన్నారంటే ఇందుకే. ఆ కాయిల్‌తో పాయింట్లు కూడా రెసిస్టర్ లేకుండా నడుస్తాయి. పాత పాయింట్లు, కండెన్సర్, ఒక చిన్న స్క్రూడ్రైవర్ డబ్బాలో వేసి డిక్కీలో పెట్టుకోండి. మాడ్యూల్ మొండికేస్తే ఇరవై నిమిషాల్లో వెనక్కి మార్చేయొచ్చు, వైరింగు ముట్టుకోనక్కర్లేదు. అంతవరకూ ఉంటే నేనూ ఎలక్ట్రానిక్‌కి అభ్యంతరం చెప్పను.

ఇంకోటి. డెల్కో లోపల పాయింట్ల ప్లేటుకీ బయటి బాడీకీ మధ్య దారంతో చుట్టిన సన్నటి ఎర్త్ వైరు ఉంటుంది. వాక్యూమ్ (ఇంజన్ పీల్పు) లాగినప్పుడల్లా ప్లేటు కదులుతుంది, ఆ వైరు వంగి వంగి లోపల తెగుతుంది, పైన దారం మాత్రం చెక్కుచెదరదు. తప్పక చూడండి.

గాజువాక వైరింగు | సోమవారం ఉదయం 8:00

ఆ దారం వైరు మాట అక్షరాలా నిజం. మంచి మాట గుర్తుచేశారు.

సీతమ్మధార మార్క్2 | బుధవారం రాత్రి 10:50

రెండు రోజులు సెలవు పెట్టి కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాస్టారు గారు చెప్పినట్టు ముందు ఎర్త్ కొలిచాను. దిమ్మకీ బ్లాకుకీ మధ్య 1.3 ఓల్టులు! మా అబ్బాయి తాళం తిప్పుతుంటే నేను చోక్ కేబుల్ పట్టుకున్నాను, ఐదో సెకనుకి గోరువెచ్చగా తగిలింది. ఆ కేబుల్ వేడెక్కుతుందని నాకు కలలో కూడా తెలియదు. పట్టీ విప్పితే బోల్టు కింద పెయింటు, దాని కింద తుప్పు, లగ్‌లోపల పచ్చటి పొడి. కొత్త పట్టీలు రెండు వేశాను. పెయింటు మెరిసే ఇనుము వచ్చేదాకా గీకాను. ఇప్పుడు 0.2.

ఎర్ర ముక్క తీసేసి లావు కేబుల్ మార్చాను. తాళం వదిలిన మరుక్షణం సెల్ఫ్ 'టక్' మని వదిలేస్తోంది. ఆ ఒక్క శబ్దం కోసం నాలుగైదు సార్లు ఊరికే ఆపి స్టార్ట్ చేశాను.

కాయిల్ 3 ఓమ్స్‌ది ఆటోనగర్‌లో దొరికింది. రెసిస్టర్ తీసేశాను. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ దగ్గర 10.9, కాయిల్ ప్లస్ దగ్గర 10.5. ఇంజన్ ఒకటిన్నర చుట్టులో అందుకుంటోంది.

డెల్కోలో దారం వైరు చూశాను. దారం బాగానే ఉంది. రెండు చివరలా పట్టుకుని లాగితే రబ్బరులా సాగింది. లోపల రాగి తెగిపోయింది! కొత్తది, మెత్తటి సన్న పోగుల వైరు సోల్డర్ చేశాను. పాత అంబీ గారూ, మీరు చెప్పకపోతే ఇది ఎన్నటికీ దొరికేది కాదు.

ఒక్క సందేహం మిగిలింది. హనుమంతవాక దాటి ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో ఇంజన్ గలగలమంటోంది. ఇంతకుముందు లేదు.

స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్ | బుధవారం రాత్రి 11:10

టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) బాబూ. పాయింట్లు విడిపడే చోటూ మాడ్యూల్ స్పార్క్ ఇచ్చే చోటూ ఒకటి కాదు, కొన్ని డిగ్రీలు తేడా వస్తుంది. మాడ్యూల్ పెట్టాక టైమింగ్ మళ్లీ పెట్టి తీరాలి. నీది ముందుకి జరిగింది, అందుకే గలగల. ఈ డెల్కోలో రోటర్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు తిరుగుతుంది. టైమింగ్ వెనక్కి తేవాలంటే బాడీని రోటర్ తిరిగే వైపుకే కొంచెం తిప్పాలి. వాక్యూమ్ గొట్టం తీసి మూసి, స్ట్రోబ్ లైటుతో మాన్యువల్లో ఉన్న డిగ్రీలకి పెట్టు. చెవితో పెట్టే రోజులు నావి, నీ దగ్గర లైటు ఉంటే అదే వాడు.

గాజువాక వైరింగు | గురువారం ఉదయం 6:40

ప్లగ్ వైర్లు కూడా చూసుకోండి. లోపల ఉత్త రాగి తీగ ఉన్న పాత రకం అయితే మార్చేయండి, దాని విద్యుత్ రొదకి మాడ్యూల్ గందరగోళపడుతుంది. రెసిస్టెన్స్ ఉన్న వైర్లే వాడాలి. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో వదిలి పాటలు వినొద్దు. పిల్లలకి ముఖ్యంగా చెప్పండి. ఇంజన్ ఆగిన చోటును బట్టి మాడ్యూల్, కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉండొచ్చు, రెండూ కాలిపోతాయి. రేడియోని వేరే లైను మీదికి మార్చేయండి.

సీతమ్మధార మార్క్2 | ఆదివారం మధ్యాహ్నం 1:20

స్ట్రోబ్ లైటు స్నేహితుడి దగ్గర తెచ్చి టైమింగ్ పెట్టాను. గలగల పోయింది. ప్లగ్ వైర్లు మార్చాను, రేడియో లైను విడగొట్టాను.

ఇవాళ పొద్దున అమ్మని మళ్లీ సింహాచలం తీసుకెళ్లాను. కావాలనే ఘాట్ రోడ్డు మధ్యలో, మలుపు దగ్గర విశాలంగా ఉన్నచోట బండి పక్కకి తీసి, వేడి ఇంజన్ ఆపేశాను. అమ్మ కంగారుపడి 'ఏమైందిరా' అంది. తాళం తిప్పాను, వెంటనే అందుకుంది. 'మీ నాన్న ఉన్నప్పుడు కూడా ఇంత తొందరగా పలికేది కాదు' అంది.

పాయింట్లు, కండెన్సర్, స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్ ఒక పాత బిస్కెట్ డబ్బాలో పెట్టి డిక్కీలో స్టెప్నీ పక్కన కట్టాను. డబ్బా మూత మీద 1-3-4-2 అని పెయింటుతో రాశాను, ప్లగ్ వైర్లు పీకాల్సి వస్తే వరస తడుముకోకుండా.